పటం అంచుకు నిలబడ్డోళ్ళు

ఆ మొబైలు జర ఇటియ్యి బిడ్డా, నేను గూడ చూస్త. ఆఁ, ఇది నాకు ఎరుకున్న ఫోటువనే. ముంగట సచ్చి పడ్డ పులి, దాని దగ్గర దొర, దొరసాని. దొర పేరు కర్జన్, మొత్తం హిందుస్తాన్‌కు వైస్రాయి. జాగ నెక్కొండ, వరంగల్ దిక్కు. సాలు 1902. దించింది సికింద్రాబాద్ రాజా దీన్‌దయాళ్ కంపెనోళ్ళు. ఫోటువ కింద ఎవ్వలైనా గింతే రాస్తరు. మీరు గింత సదివి "అబ్బ, ఎంత పెద్ద పులి" అనుకొని యేలుతోని ముంగటికి నూకుతరు. నూకకుండ్రి. అటు జరిగి కూసోండ్రి, ఆ తుమ్మ మొద్దు మంటల పెట్టుండ్రి. మాఘం దాక మంజీర మీదికెళ్ళి గాలి ఇట్లనే కొరుకుతది. దీని ఎనుక ఉన్న ముచ్చట చెప్త.

కర్జన్ ఒక్క పులి కోసం హైదరాబాద్ రాలేదు. బీరారు కోసం వొచ్చిండు. మన నాందేడ్ జిల్లాకు పైన, పైన్‌గంగ ఆవలి ఒడ్డున యవత్మాళ్, అమరావతి, అకోలా ఉన్నయి చూడు, పత్తి పండే నల్లరేగడి, అదంత బీరారు. అది నిజాముది. గని ఇంగ్లీషోళ్ళ పౌజు ఖర్చుల కింద బాకీ పడ్డరని 1853ల కుంపిణీ ఆ ముల్కును తన చేతుల పెట్టుకున్నది. దివాన్ సాలార్‌జంగ్ బతికున్నన్ని దినాలు వాపసు ఇయ్యుండ్రని అడుగుతనే ఉండె. ఇయ్యలేదు. 1902ల కర్జన్ వొచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌తోని కూసొని మాట్లాడిండు. అదే సాలు నవంబర్‌ల కాగితం అయిపోయింది. బీరారు ఎప్పటికీ ఇంగ్లీషోళ్ళ కౌలుకే, నిజాముకు సాలుకు 25 లక్షల రూపాయలు. పేరు నిజాముది, పెత్తనం వాళ్ళది. ఫోటువల పులే కనవడ్తది, బీరారు కనవడది. ఆ బీరారు సరిహద్దు యాది పెట్టుకోండ్రి, నలభై ఆరేండ్లకు మన దిక్కోళ్ళకు అక్కరకొచ్చింది. అది జాగ వొచ్చినప్పుడు చెప్త.

ఇంకోటి. ఆ పులి తనంతల తానే నడిచొచ్చి దొర తుపాకి ముంగట నిలవడ్డదా? డప్పులు, డబ్బాలు కొట్టుకుంట అడివిని తరుముకొచ్చేటోళ్ళు ఉంటరు. ఆ దినాల్ల సర్కారోళ్ళు షికారుకు వొచ్చిండ్రంటే చుట్టుపక్కల ఊర్లకు వెట్టి. చేన్ల పని ఇడిసిపెట్టి ఇంటికొకడు పోవాలె. పులి మీద పడితే ఆని కర్మ. షికారు ఫోటువలల్ల పెద్దోళ్ళు నడుమ ఉంటరు, వాళ్ళ పేర్లు కింద ఉంటయి. డప్పు కొట్టినోడు ఉంటే అంచుకుంటడు, లేకుంటే అసలుకే ఉండడు. నేను ఏ పాత ఫోటువ చూసినా మొదలు అంచులు చూస్త. నడుమ ఉన్నోని కథ పుస్తకాలల్ల దొరుకుతది. అంచుకున్నోని కథ ఎవ్వలన్న చెప్తెనే ఉంటది.

దీన్‌దయాళ్ మన దిక్కోడు గాదు. మీరట్ దగ్గర సర్ధనల 1844ల పుట్టిండు. రూర్కీ ఇంజనీర్ల కాలేజిల సదివి, ఇందోర్‌ల సర్కారు కచ్చీరుల నక్షలు గీసే నౌకరీ చేసిండు. ఫోటువలు దించుడు మొదలు శోకుకే నేర్చుకున్నడు. చేతి వాటం చూసి తెల్లదొరలు కోటలు, గుళ్ళు దించుటానికి ఎంబడి తీసుకపోయిండ్రు. తర్వాత హైదరాబాద్ వొచ్చి ఆరో నిజాముకు దర్బారు ఫోటోగ్రాఫరైండు. నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చిండు. దర్బారు పెద్దోళ్ళకు ఇచ్చే జంగ్ బిరుదు కెమెరా పట్టెటోనికి దొరికిందంటే ఆ పనికి ఎంత ఇజ్జత్ ఉండెనో ఆలోచన చెయ్యిండ్రి.

ఆ కెమెరా జేబుల పట్టేది గాదు. మూడు కాళ్ళ మీద కట్టె పెట్టె, నడుమ హార్మోనియం తిత్తి లెక్క ముడుతలు, ఎనుక నల్లబట్ట. బట్టల తలకాయ పెట్టి చూస్తే అద్దం మీద మనిషి తలకిందులు కనవడ్తడు, కాళ్ళు మీదికి, పగిడి కిందికి. అంత కుదిరినంక మసాలా పూసిన గాజు పలకను లోపటికి తోస్తడు. మూతి మీది మూత తీస్తడు, మనసుల లెక్కపెట్టుకుంటడు, మళ్ళ మూత పెడ్తడు. ఆ లెక్క అయ్యేదాక కదలొద్దు. కదిలినోడు మసకైపోతడు. పాత గుంపు ఫోటువలల్ల చిన్న పోరల మొకాలు చెరిగినట్టు ఉంటయి చూడుండ్రి, వాళ్ళు ఊకుంటరా? పాతకాలమోళ్ళు నవ్వకపోయేటోళ్ళా తాతా అని మొన్న అడిగినవు గదా. నవ్వకేం, మస్తు నవ్వేటోళ్ళు. గని నవ్వు అంత సేపు మొకం మీద నిలవడది. అందుకే పండ్లు బిగవట్టి కూసునేటోళ్ళు.

గాజు పలక పగిలితే ఆ ఫోటువ అంతే. ఆయన ఖాందాన్ దాచిపెట్టిన పలకలల్ల 2,857 పలకలు 1989ల ఢిల్లీల ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం తీసుకున్నది. మనం ఇప్పుడు చూసే నవాబులు, మహళ్ళు, షికార్లు, దర్బార్లు షానమట్టుకు ఆ పలకల మీదియే.

ఆయన చేసిన పనులల్ల నాకు అన్నిటికంటె నచ్చింది వేరే ఉంది. 1892ల హైదరాబాద్‌ల ఆడోళ్ళ కోసమే ఒక స్టూడియో పెట్టిండు. చుట్టు ఎత్తు గోడలు, లోపట మగపురుగు లేదు. ఒక ఇంగ్లీషు ఆడామె చూసుకునేది. పరదల ఉండే నవాబుల ఇండ్ల ఆడోళ్ళు బుర్కా తీసి, నగలు పెట్టుకొని, నిమ్మళంగ ఫోటువ దిగి పోయేటోళ్ళు. మంచి పని. గని అది పెద్దిండ్ల ముచ్చట. మన బిలోలి, కుండల్‌వాడి, ధర్మాబాద్ దిక్కు ఆడోళ్ళకు ఎక్కడి స్టూడియో, ఎక్కడి గోడలు?

మన సందూకల పెద్ద ఫోటువ ఉంది చూసిండ్రు గదా. కుర్చీల మా తాత, పక్కకు ఆయన తమ్ముడు, కింద చాప మీద మా బాపు, చిన్నాయినలు. మా బాపు తొడ మీద చెరిగిన మొకం పోరడు నేనే. బోధన్ కాంచి ఒకాయన సైకిల్ మీద సామాను కట్టుకొని పెండ్లిళ్ళకు వొచ్చేటోడు, ఆయన దించిండు. ఇద్దరు రూమీ టోపీలు పెట్టుకున్నరు, ఒకాయన గాంధీ టోపీ పెట్టుకున్నడు. మా తాత దోతర, రుమాలు. ఒక్క చాప మీద అప్పటి రాజ్యంల ఉన్న అన్ని ఆలోచనలు కూసున్నయి. ఎనుకకు తిప్పితే ఊదారంగు పెన్సిల్‌తోని ఉర్దూల రాసుంది, పేర్లు, ఫస్లీ 1354 అని సాలు. నిజాం రాజ్యంల లెక్క అది, మన లెక్కల 1944-45 అయితది. నేను మొదలు ఉర్దూల సదివినోణ్ణి కాబట్టి నాకొస్తది. మీ బాపు మరాఠీల సదివిండు, మీరు మరాఠీ, ఇంగ్లీషు. ఇంట్ల మాట తెలుగు. ఒక్క ఇంట్ల మూడు తరాలు, నా రాత మీకు రాదు. నా తర్వాత ఆ ఫోటువ ఎనుక ఏం రాసుందో సదివెటోడు మన ఇంట్ల లేడు.

ఆ ఫోటువల ఆడోళ్ళు ఒక్కరు లేరు. రమ్మని ఎవ్వలు పిలువలేదు. అయితే కుడిదిక్కు అంచుకు దర్వాజ ఉంది చూడుండ్రి. దర్వాజ చెక్క మీద ఒక చెయ్యి ఉంటది. నాలుగు వేళ్ళు, మణికట్టుకు గాజులు, అంతే. మనిషి కనవడది. ఆ చెయ్యి మా బాపమ్మది. చూపుడేలు కొన జర వంకర, చిన్నప్పుడు ఇసుర్రాయి కింద నలిగిందంట. లోపట నిలవడి మగోళ్ళు ఎట్ల దిగుతున్నరో చూస్తుండె. ఆమెకు ఇంకో ఫోటువ లేదు. మీ పెద్దనాయిన ఒకసారి ఫ్రేము కట్టిస్తనని దాన్ని పట్నం తీసుకపోతే, ఆ దుకాణపు పోరడు "అంచులు ఖరాబున్నయి, కోసేస్తె సాఫుగ కనవడ్తది" అన్నడట. మీ పెద్దనాయిన గుంజుకొని వాపసు వొచ్చిండు. మంచిగ చేసిండు. అంచు కోస్తే మా బాపమ్మ పోతుండె.

ఇగ కరువు ఫోటువల ముచ్చట. పోరలకు ఇవి చూపియ్యొద్దంటరు. నేనైతే చూపియ్యాలెనంట.

1876 కాంచి 1878 దాక మద్రాసు రాజధానిల పెద్ద కరువు వొచ్చింది. మన తెలుగోళ్ళు దాన్ని ధాత కరువంటరు, ధాత నామ సంవత్సరంల మొదలైంది కాబట్టి. బళ్ళారి, కర్నూలు, కడప దిక్కు ఊర్లకు ఊర్లు లేచిపోయినయి. మొత్తం మీద 50 లక్షల కంటె ఎక్కువ మంది సచ్చిండ్రని అంచనా. అప్పుడు మద్రాసు పౌజుల విలోబీ హూపర్ అని ఒక అధికారి ఉండె. కెమెరా పట్టుకొని పోయి, బొక్కలు తేలిన మనుషులను, పిల్లలను వరుసగ కూసోబెట్టి దించిండు. ఆ ఫోటువలను ఒక్కసారి చూసినోడు మర్చిపోలేడు. పక్కబొక్కలు లెక్కపెట్టొచ్చు. కొందరికి కూసునే సత్తువ లేక పక్కోని మీద ఒరిగి ఉంటరు. నేను ముంగట చెప్పిన గదా, మూత తీసి పెట్టేదాక కదలొద్దని. వాళ్ళు కదలలేదు. కదిలే శక్తి లేక కదలలేదు. ఆ కరువు ఫోటువలల్ల మొకాలు అంత సాఫుగ పడుటానికి అదే కారణమని నాకనిపిస్తది.

ఆ ఫోటువలు ఇంగ్లండ్ పోయినంక అక్కడ గడబిడైంది. దించినంక ఈయన వాళ్ళకు బుక్కెడు బువ్వన్న పెట్టిండా అని అడిగిండ్రు. అడుగుడు న్యాయమే. అదే హూపర్ మీద 1886ల బర్మాల ఇంకో ఆరోపణ వొచ్చింది. మాండలేల మరణశిక్ష పడ్డోళ్ళను తుపాకులతోని కాలుస్తుంటే ఆ క్షణం ఫోటువల పడాలెనని చూసిండన్నరు, దాని మీద విచారణ జరిగింది. కెమెరా పట్టినోని మనసు ఎట్లుంటదో ఫోటువ చెప్పది. గని హూపర్ దించకపోతే ధాత కరువు మనకు ఉత్త లెక్కనే అయితుండె, ఇన్ని లక్షలు అని. ఆ మొకాలు మన దాక వొచ్చినయంటే ఆయన పెట్టెలకెళ్ళే వొచ్చినయి. రెండూ నిజమే. నాకు కడుపుల రగిలేది ఒక్కటే. ఆ ఫోటువల కింద సహాయ శిబిరంల ఉన్నోళ్ళని, అది అని ఇది అని రాసిండ్రు. నీ పేరేంది అమ్మా, నీది ఏ ఊరు నాయినా అని అడిగి రాసుకోలేదు. ఒక్క పలకకు పట్టే టైముల పదిమంది పేర్లు రాయొచ్చు.

మన దిక్కు 1899-1900ల కరువు పడ్డది. దీన్‌దయాళ్ కంపెనోళ్ళు ఔరంగాబాద్ దిక్కు కరువు పనుల ఫోటువలు దించిండ్రు. అప్పుడే హైదరాబాద్ కాంచి మన్మాడ్ దాక రైలు కట్ట పడుతుండె. ఇప్పుడు మనం ధర్మాబాద్‌ల ఎక్కుతం చూడు, బాసర కాడ గోదారి దాటుతది, అదే లైను. మా తాత వాళ్ళవ్వ ఆ కరువుల కట్ట మీద మట్టి మోసిందని ఇంట్ల చెప్పుకునేటోళ్ళు. కూలికి జొన్నలు. ఆ రైలు ఎక్కినప్పుడల్ల నాకు యాదికొస్తది.

మూసీ ముచ్చట గూడ చెప్త, ఎందుకంటే ఆ ఫోటువలు ఇప్పుడు మస్తు తిరుగుతున్నయి. 1908 సెప్టెంబర్ 28. మూసీ ఒడ్డు దాటి హైదరాబాద్ మీద పడ్డది. 15,000 మంది దాక కొట్టుకపోయిండ్రంటరు. ఫోటువలల్ల ఇరిగిన పులులు ఉంటయి. పులులంటే అడివి పులులు గాదురా, వంతెనలు. కూలిన గోడలు, బురదల నిలవడ్డ మనుషులు. ఎక్కువమట్టుకు నీళ్ళు తీసినంక దించినయే. నీళ్ళు వొచ్చే రాత్రి కెమెరా పట్టుకొని ఎవ్వడు నిలవడ్తడు? అఫ్జల్‌గంజ్‌ల ఒక చింతచెట్టు ఉంటది, ఇప్పటి ఉస్మానియా దవాఖాన తోటల. నూటయాభై మంది దాక ఆ చెట్టెక్కి బతికిండ్రు. నేను పోయి దాన్ని చేతులతోని ముట్టి వొచ్చిన. అమ్జద్ హైదరాబాదీ అని ఉర్దూ కవి, రుబాయీలు రాసెటోడు, ఆ వరదల ఆయన తల్లి, భార్య, బిడ్డ పోయిండ్రు. ఆయనొక్కడు మిగిలిండు. కూలిన ఇంటి ఫోటువ చూస్తే ఇల్లే కనవడ్తది. ఆ ఇంట్లకెళ్ళి ఎవ్వలు మిగిలిండ్రో, మిగిలినోడు తర్వాత యాభై ఏండ్లు ఎట్ల బతికిండో ఫోటువకు తెల్వది.

ఆ వరద తర్వాతనే విశ్వేశ్వరయ్యను పిలిపిచ్చిండ్రు, 1909ల. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ దానికెళ్ళే వొచ్చినయి. మన మంజీర మీద నిజాంసాగర్ 1923ల మొదలుపెట్టి 1931 దాక కట్టిండ్రు, అది అలీ నవాజ్ జంగ్ ఇంజనీరు పని. ఆ నీళ్ళతోనే బోధన్ దిక్కు చెరుకు పండింది, షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ వొచ్చింది. అది ఇంకో రాత్రి ముచ్చట.

ఇగ అసలుది. ప్రతి సెప్టెంబర్ 17కు మీ మొబైళ్ళల్ల ఒక ఫోటువ తిరుగుతది. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ సర్దార్ పటేల్‌కు చేతులు జోడిస్తుంటడు, పటేల్ గూడ జోడిస్తుంటడు. కింద "లొంగిపోయిన నిజాం, 17 సెప్టెంబర్ 1948" అని రాస్తరు. తప్పు. ఆ దినం పటేల్ హైదరాబాద్‌ల లేనే లేడు. ఇండియా పౌజు వొచ్చింది 13 తారీకు. 17 సాయంత్రం నిజాం రేడియోల కాల్పులు ఆపుతున్నమని చెప్పిండు. 18 నాడు నిజాం పౌజు పెద్ద ఎల్ ఎద్రూస్ సికింద్రాబాద్ దిక్కు జనరల్ చౌదరి ముంగట లొంగిపోయిండు. దాని ఫోటువ వేరే ఉంది, ఇద్దరు పౌజు అధికారులు ఎదురెదురుగ నిలవడి ఉంటరు. చేతులు జోడిచ్చింది 1949 ఫిబ్రవరిల, పటేల్ హైదరాబాద్ వొచ్చినప్పుడు బేగంపేట విమానాల అడ్డ మీద. అయిదు నెలల తర్వాత ముచ్చట. ఆ నిజామే 1950 కాంచి 1956 దాక రాజప్రముఖ్ అని సర్కారు కుర్చీల కూసున్నడు.

"తారీకు మారితే ఏమైతది తాతా" అంటవు. చానా అయితది. 17 నాడైతే ఆ చేతులు ఓడిపోయినోని చేతులు. ఫిబ్రవరిలైతే ఇంటికొచ్చిన పెద్దమనిషికి ఎదురొచ్చినోని చేతులు. ఆ నడుమ అయిదు నెలలల్ల మన మరాఠ్వాడ ఊర్లల్ల ఏమేం జరిగిందో, నిజాం దిక్కు కొట్లాడిన రజాకార్ల చేతుల ఎవ్వలు సచ్చిండ్రో, రజాకార్లు పోయినంక ఏ పాపం తెల్వని తురుకోళ్ళు ఎంతమంది సచ్చిండ్రో, అదంత ఆ ఒక్క తప్పు తారీకు కింద పూడిపోతది. రెండు తీర్ల ఏడుపులు ఇన్నోణ్ణి నేను. మన ఊరి మసీదు, మొగలాయి కాలపు నల్లరాతి మసీదు, దాని మెట్ల మీద ఆడుకున్న నా సోపతిగాళ్ళ ఇండ్లు కొన్ని ఆ సాలు కాలీ అయినయి. దాని ఫోటువ ఎవ్వల దగ్గర లేదు.

బీరారు ముచ్చట యాదుందా? ఇప్పుడు ఇను. నిజాం మీద కొట్లాడెటోళ్ళకు నిజాం రాజ్యం లోపట ఉండరాకపోయె, పోలీసులు పట్టుకుంటుండ్రి. అయితే పైన్‌గంగ దాటితే బీరారు, అక్కడ నిజాం పోలీసు నడువది. స్వామి రామానందతీర్థ స్టేట్ కాంగ్రెసోళ్ళు ఉమర్‌ఖేడ్‌ల క్యాంపు పెట్టిండ్రు. కర్జన్ తన లాభానికి గట్టిగ చేసుకున్న గీత మనోళ్ళకు ఆసరైంది. 1948 జనవరి 30 నాడు పోరాటం ఖర్చుకు ఉమ్రీల బ్యాంకు కొట్టిండ్రు. మన ధర్మాబాద్ లైనుల స్టేషనే ఉమ్రీ. అదే దినం ఢిల్లీల గాంధీ మహాత్ముని సంపిండ్రు. ఫ్రాన్సు దేశపోడు కార్టియే బ్రెసాఁ, పెద్ద ఫోటోగ్రాఫర్, గాంధీ సచ్చేముందు జర సేపటి కిందట్నే ఆయన్ని కలిసి వొచ్చిండు. తర్వాత ఆయన దించిన ఆ జనం, ఆ దహనం ఫోటువలు దునియా అంత చూసింది. ఉమ్రీల మనోళ్ళు తుపాకులు పట్టుకొని ఉరికిన ఆ దినానికి ఫోటువ లేదు. దొంగచాటు పని, ఎవ్వలు దిగుతరు? అంతకు ముందుగాల, 1946ల, మన బిలోలి తాలూకాలనే అర్జాపూర్ కాడ ఆ పోరాటంలనే గోవిందరావు పానసరే పాణమిచ్చిండు. అర్జాపూర్‌ల ఆయన యాదిల కట్టింది ఉంది. ఈసారి ఆ తొవ్వల పోయినప్పుడు బండి ఆపి దిగుండ్రి.

1956 నవంబర్ 1 నాడు ఏమైందో గూడ మన దిక్కు ఫోటువ లేదు. హైదరాబాద్‌ల నెహ్రూ వొచ్చి ఆంధ్రప్రదేశ్ మొదలుపెట్టిన ఫోటువలున్నయి, పూలదండలు, మైకులు. ఇక్కడ కాగితం మీద గీత గీసిండ్రు. నాందేడ్ జిల్లాకెళ్ళి ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్ళు అటు పోయినయి. దెగ్లూర్ తాలూకాకెళ్ళి బిచ్కుంద, జుక్కల్ అటు పోయినయి. ధర్మాబాద్, బిలోలి ఇటు బొంబాయి రాష్ట్రంల పడ్డయి. 1960 మే 1 నాడు మళ్ళ మహారాష్ట్ర. మా అక్కను సాలూరకు ఇచ్చిండ్రు. మంజీర దాటితే సాలూర. పంటల కాలానికి మేం ఎడ్లబండి కట్టుకొని పోయి పండుగ చేసుకొని వొచ్చెటోళ్ళం. నవంబర్ తర్వాత గూడ అదే బండి, అవే ఎడ్లు, అదే తొవ్వ. అయినా మా అక్క "ఇగ నేను పరాయి రాష్ట్రపోళ్ళ కోడలైన" అని ఏడ్చింది. ఆమె మొకం ఫోటువ దించేటోడు ఆ ఒడ్డున ఉంటే, ఆ గీతకు అంతకంటె మంచి పటం దొరుకకపోవు.

మన ఆడోళ్ళకు ఫోటువ ఎప్పుడు దొరికిందో చెప్పాలెనా? ఎన్నికల కమిషన్ 1993ల హుకుం చేసింది, ఓటుకు ఫోటువ కార్డు ఉండాలెనని. టి.ఎన్. శేషన్ ఉన్నప్పుడు. ఆ తర్వాత మన దిక్కు బడిల కెమెరా పెట్టి ఊరందర్ని పిలిచిండ్రు. అరవై, డెబ్బై ఏండ్ల ముసలోళ్ళు పుట్టినంక మొదటిసారి ఫోటువ దిగుటానికి లైనుల నిలవడ్డరు. ఎవ్వలు పిలిచిండ్రు ఇంతకు ముందుగాల? మా చిన్నమ్మ పెట్టెకెళ్ళి నారాయణపేట చీర తీసి కట్టుకొని, పుస్తెలు బయటికేసుకొని, కుంకుమ పెద్దగ పెట్టుకొని పోయింది. దించెటోడు కొంగు నెత్తి మీదికెళ్ళి ఎనుకకు జరుపమన్నడు. జరుపనన్నది. లైను ఆగింది. మొకం కనవడాలె అవ్వా, సర్కారు హుకుం అని బతిమిలాడిండు. "మొకం నడుమ ఉంటది, కొంగు అంచుకుంటది, రెండు రానీ" అన్నది. అట్లనే దించిండు.

నల్ల తెలుపు ఫోటువ, గోరంత. పేరు మరాఠీల తప్పు రాసిండ్రు, వయసు పదేండ్లు తక్కువేసిండ్రు. ఆమె పోయినప్పుడు ఇంట్ల ఇంకో పటం లేదు, అదే కార్డు తీసుకపోయి పెద్దగ చేపిచ్చిండ్రు. ఇప్పుడు వాళ్ళింట్ల గోడకు ఉంది చూడు, దండేసి, రంగులేసి. కంప్యూటర్ పోరడు చీరకు నీలం రంగేసిండు. ఆ చీర నీలం గాదు. ఆకుపచ్చ, ఎర్రటి అంచు. ఆ దినం ఆమె ఎనుక లైనుల నిలవడ్డోణ్ణి నేనే, నాకు మంచిగ యాదుంది. రేపు పొద్దుగాల పోయి ఆ ఫ్రేము దింపి, ఎనుక అట్ట మీద ఆమె అసలు పేరు, ఆ బడి, చీర రంగు రాసి రా. మరాఠీల ఒకపారి, తెలుగుల ఒకపారి రాయి. ఉర్దూల నేను రాస్త.